బాల్చీ అనే మాట ఎక్కడిది? బొక్కెన, చేద, బాల్చీ ఒకటేనా?

తెనాలి_రజని
అందరికీ నమస్కారం. నేను పిల్లల కథలు రాస్తుంటాను. ఈమధ్య ఒక కథలో "అమ్మమ్మ బాల్చీ నిండా నీళ్ళు పట్టి గుమ్మం పక్కన పెట్టింది" అని రాశాను. దాని మీద రెండు రకాల మెసేజ్‌లు వచ్చాయి. ఒకాయన "బాల్చీ హిందీ మాట కదా, బొక్కెన అని చక్కటి తెలుగు మాట ఉండగా అదెందుకు" అన్నారు. ఇంకొకావిడ "ఇప్పటి పిల్లలకి బాల్చీ అంటే తెలీదు, బకెట్ అని మార్చేయండి" అన్నారు.

రెండూ నాకు మింగుడు పడలేదు. మా ఇంట్లో బాల్చీ వేరు, బొక్కెన వేరు. బావిలోకి వెళ్ళేది బొక్కెన. స్నానాల గదిలో ఉండేది బాల్చీ. ఒకదాన్ని ఇంకొకటి అంటే మా నాయనమ్మ వెంటనే సరిదిద్దేది. ఈ తేడా మా ఇంటి వరకేనా, అన్ని జిల్లాల్లోనూ ఉందా? బాల్చీ నిజంగా హిందీ నుంచే వచ్చిందా? తెలిసినవాళ్ళు చెప్పండి. ఊహ అయితే ఊహ అనే చెప్పండి, నేను అచ్చులో వేసుకోవాలి.

పాలమూరు_మల్లేశ్
రజనక్కా, మా దిక్కు ఇంట్లో బాల్చీ అనడం తక్కువ. పుస్తకాల్లో చదివి తెలుసుకున్న మాట అది. బావిలో వేసేదీ బొక్కెనే, స్నానానికి నీళ్ళు పెట్టుకునేదీ బొక్కెనే. చదువుకున్న పిల్లలు బకీటు అనేవాళ్ళు.

ఇంకో బొక్కెన కూడా ఉండేది, మోట బొక్కెన. చూడనివాళ్ళ కోసం చెప్తాను. ఇనప రేకుతో చేసిన పెద్ద పాత్ర, దాని అడుగున తోలుతో కుట్టిన తొండం. మోకు ఒక కొస బొక్కెనకు, ఇంకో కొస ఎద్దుల కాడికి. ఎద్దులు వాలుగా ఉన్న బాటలో దిగుతుంటే బొక్కెన పైకి వస్తుంది. తొండం కొసకి వేరే సన్న తాడు ఉంటుంది. పైకి వస్తున్నంతసేపూ ఆ తాడు తొండాన్ని పైకి మడిచి పట్టుకుంటుంది కాబట్టి చుక్క కారదు. ఒడ్డు దగ్గరికి రాగానే తొండం కొస తొట్టి వైపు వంగి నీళ్ళన్నీ దబ్బున పడతాయి. మనిషి చెయ్యి పెట్టి వంచాల్సిన పనే లేదు. కరెంటు మోటార్లు వచ్చాక మోటలు పోయాయి, మాట మాత్రం మోటబావి అనే పేరులో మిగిలింది.

కాబట్టి బొక్కెన అంటే ఏదో చిన్న వస్తువు అనుకోకండి. పొలం తడిపింది అది.

కాకినాడ_మూర్తి
రజని గారూ, మీ నాయనమ్మగారు చెప్పిందే మా వైపూ ఉంది. ఇంకా ఒక మెట్టు ఎక్కువే ఉంది. మా ఇంట్లో మూడు మాటలు:

చేద – ఇత్తడిదో రాగిదో. అడుగు గుండ్రంగా ఉంటుంది, నేల మీద నిలబడదు, పక్కకి ఒరిగిపోతుంది. అలా ఉండాలి కూడా. నీళ్ళ మీద పడగానే ఒరిగి మునగాలి కదా.

బొక్కెన – ఇనపది. మందంగా, బరువుగా ఉంటుంది. ఇదీ బావిదే.

బాల్చీ – అడుగు బల్లపరుపు. నేల మీద కదలకుండా నిలబడుతుంది. పైన వెడల్పు, కింద సన్నం. మా దొడ్లో ఉన్నది తగరం రంగు రేకుది. దాని మీద మంచు పేరుకున్నట్టు పెద్ద పెద్ద పూలు మెరుస్తుండేవి. పక్కన నిలువునా రేకు మడిచి కలిపిన అతుకు ఒకటి, అడుగున చుట్టూ పట్టీ, నోటి దగ్గర తీగ మీదకి చుట్టిన అంచు. రెండు వైపులా చెవులు, వాటికి రివిట్లు, ఆ చెవుల్లో తిరిగే వంపు కమ్మి. నిండా నీళ్ళు పోసి ఎత్తితే ఆ కమ్మి వేళ్ళకి కోసుకునేది, గుడ్డ చుట్టి పట్టుకునేవాళ్ళం.

ఈ మూడింటికీ పని వేరు, ఆకారం వేరు. అందుకే మూడు మాటలు బతికాయి.

భాషాభిమాని_ఒంగోలు
నాకైతే బాల్చీ సంస్కృతం నుంచి వచ్చిందేమో అనిపిస్తుంది. 'వారి' అంటే నీళ్ళు. వారి బాలి అయి, దానికి 'చి' చేరి బాల్చి అయి ఉండొచ్చు. వకారం బకారం కావడం, రేఫ లకారం కావడం మనకి కొత్తేమీ కాదు.

నిఘంటువు_పురుగు
అయ్యా, వ–బ, ర–ల మార్పులు ఉన్న మాట నిజమే. కానీ చివరి 'చీ' ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకపోతే లెక్క తేలదు. పైగా దీర్ఘం 'బా' మీద ఉండి, వెంటనే 'ల్' పొల్లుగా రావడం అచ్చ తెలుగు మాటల తీరు కాదు. అలాంటి మాట కనబడితే బయటి నుంచి వచ్చిందేమోనని ముందు అనుమానించాలి. కాల్చు, పేల్చు ఉన్నాయి కదా అంటారేమో. అక్కడ కాలు, పేలు అనే ధాతువులకి 'చు' చేరింది. బాల్చీకి అలాంటి ధాతువు లేదు.

ఇది పోర్చుగీసు మాట. అక్కడ బకెట్‌ని 'బాల్దె' అంటారు. రాత్రికి ఇంటికి వెళ్ళాక వివరంగా రాస్తాను.

లిస్బన్_తెలుగోడు
నిఘంటువు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను పోర్చుగల్‌లో పని చేస్తున్నాను. వచ్చిన కొత్తలో ఇల్లు తుడిచే సామాను కొనడానికి దుకాణానికి వెళ్తే ఆ అమ్మాయి "బాల్ద్" అంది. నాకు ఆ క్షణంలో అర్థం చేసుకోవడానికి ఏ అనువాదమూ అవసరం పడలేదు. ఇక్కడ రాతలో చివర 'ఎ' ఉన్నా పలుకుబడిలో దాదాపు వినపడదు. చెత్తబుట్టని కూడా "బాల్ద్ దు లీషు" అంటారు, అంటే చెత్త బాల్చీ. ఇంట్లో మేం ఇప్పుడు బకెట్ అనడం మానేశాం. బాల్చీ అంటే ఇక్కడి పనివాళ్ళకీ అర్థమవుతోంది, మా అమ్మకీ అర్థమవుతోంది.

నిఘంటువు_పురుగు
మాట ఇచ్చినట్టు రాస్తున్నాను. కాస్త పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

వాస్కోడిగామా కాలికట్ చేరింది 1498లో. గోవా పోర్చుగీసుల చేతికి వచ్చింది 1510లో. ఆ తర్వాత వందేళ్ళలో తూర్పు ఆఫ్రికా నుంచి మలక్కా దాకా రేవు రేవులోనూ వాళ్ళ ఓడలు ఆగాయి. వాళ్ళ రాజ్యం తెలుగు నేల లోపలికి రాలేదు, కానీ వాళ్ళ భాష రేవుల్లో బేరాల భాష అయింది. ఎంతగా అంటే, తర్వాత వచ్చిన డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ కూడా ఇక్కడివాళ్ళతో మాట్లాడటానికి విరిగిన పోర్చుగీసునే వాడారు. ఇంగ్లీషు కంపెనీకి 1698లో ఇచ్చిన చార్టరులో, ఇక్కడికి వచ్చే మతగురువులు ఏడాదిలోగా పోర్చుగీసు నేర్చుకోవాలని నియమం ఉంది. తమ భాష కాదు, ఈ దేశపు భాషా కాదు, అయినా అది లేకపోతే పని జరగదు. పోర్చుగీసు పలుకుబడి ఎంతదో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక బాల్దె. ఓడలో ఇది లేకపోతే రోజు గడవదు. సముద్రపు నీళ్ళు తోడటానికి, బల్లలు కడగటానికి, నిప్పు అంటుకుంటే ఆర్పటానికి అన్నిటికీ ఇదే. రేవులో ఓడ పని చేసినవాళ్ళు మొదట నేర్చుకునే మాటల్లో ఇది ఉండటం సహజం. దీని జాడ ఎక్కడెక్కడ ఉందో చూడండి:

మంగళూరు వైపు బాల్ది. మరాఠీలో బాల్దీ అనీ ఉంది, అక్షరాలు తారుమారై బాదలీ అనీ ఉంది. సింహళంలో బాల్దియ. మలయా, ఇండొనేసియాల్లో బాల్ది. బెంగాలీలో బాల్తి. హిందీ, ఉర్దూల్లో బాల్టీ. తెలుగులో బాల్చీ.

సముద్రం అవతలి మలయాలోనూ, హిందీ ఊసే లేని సింహళంలోనూ ఒకే వస్తువుకి ఒకే మాట ఉందంటే, వీటన్నిటినీ కలిపింది సముద్రమే. మొట్టమొదట ఈ మాటలన్నీ ఒక్కచోట పోగుచేసిన పండితుడు మన దేశం వాడే. గోవాలో పుట్టిన సెబాస్టియావ్ రొదోల్ఫు దల్గాదు. సుమారు 50 ఆసియా భాషల్లోకి వెళ్ళిన పోర్చుగీసు మాటలన్నీ కలిపి 1913లో పుస్తకం వేశాడు. 1936లో బరోడా నుంచి దాని ఇంగ్లీషు అనువాదం వచ్చింది. అన్యదేశ్యాల మీద ఆసక్తి ఉన్న ఏ తెలుగువాడికైనా అది కళ్ళు తెరిపించే పుస్తకం.

మనవైపు నుంచి చూస్తే బ్రౌన్ దొర 1854లోనే తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకు విడిగా ఒక నిఘంటువు అచ్చు వేశాడు. కచేరీ కాగితాల్లో, బజారులో వినిపించే మాటల్ని తీసిపారేయకుండా వాటికీ ఒక పుస్తకం కావాలనుకున్నాడాయన. ఈ చర్చకి అదే సరైన దారి.

సీకాకుళం_చిన్నోడు
నాకో డౌటు. బ్రెజిల్ ఫుట్‌బాల్ వీడియోల్లో ఈ మాట విన్నాను. వాళ్ళు స్పష్టంగా "బావ్‌జి" అంటారు. మన బాల్చీలో చీ అక్కడి నుంచే వచ్చిందా?

నిఘంటువు_పురుగు
తమ్ముడూ, మంచి చెవి నీది. కానీ అది కాదు. బ్రెజిల్‌లో 'ది' ని 'జి' లాగా పలకడం ఈమధ్య కాలపు అలవాటు. మన తీరానికి వచ్చిన నావికులు పలికింది పోర్చుగల్ పలుకుబడి, అందులో ద దగానే ఉంది. 'చ' మారింది మన దగ్గరే.

పై వరసని ఇంకోసారి చూడు. అందులో రెండు గుంపులున్నాయి. మరాఠీ, మంగళూరు, సింహళం, మలయా – వీటన్నిటిలో 'ద'. పోర్చుగీసు ఉచ్చారణ యథాతథంగా ఉంది. బెంగాలీ, హిందీ, ఉర్దూ – వీటిలో 'త' లేదా 'ట'. తెలుగు 'చ' ఏ గుంపుకి దగ్గర? 'ద' నుంచి వచ్చి ఉంటే 'జ' కావాలి, బాల్జీ అనేవాళ్ళం. 'చ' అయిందంటే అది త, ట ల గుంపు నుంచే వచ్చింది. అంటే మనకి మాట నేరుగా పోర్చుగీసు నోటి నుంచి రాలేదు, మధ్యలో ఉత్తరాది భాష ఒకటి ఉంది. హైదరాబాదు ఉర్దూ అని నా అభిప్రాయం.

'తీ' పలికేటప్పుడు నాలుక అంగిలి వైపు లేస్తుంది, ఆ జారుడులో త చ అవుతుంది. చాలా భాషల్లో జరిగేదే. సంధ్య సంజ అయింది, నిత్యం నిచ్చలు అయింది. అవి ప్రాకృతం నాటివి, అక్కడ యకారం వల్ల జరిగింది. కానీ నోటి పని ఒకటే.

బందరు_లడ్డు
నిఘంటువు గారూ, హైదరాబాదు దారి అంటే నేను ఒప్పుకోను. ఆ దారిన వచ్చి ఉంటే బాల్చీ తెలంగాణలో ముందు నాటుకోవాలి. మల్లేశ్ గారేమో మా ఇంట్లో బొక్కెనే అంటున్నారు. బాల్చీ గట్టిగా వినిపించేది గోదావరి, కృష్ణా, విశాఖ వైపు. అంటే తీరం వెంట.

మా బందరు సంగతే చూడండి. గోల్కొండ రాజ్యానికి సముద్రం వైపు వాకిలి అది. డచ్చివాళ్ళు 17వ శతాబ్దం మొదట్లోనే కొట్టు పెట్టారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. ఈ రేవులో పోర్చుగీసు వినపడని రోజు లేదు. కలంకారీ బట్ట కొనే బేరం ఆ భాషలో జరిగినప్పుడు, నీళ్ళు తోడే పాత్ర పేరు మాత్రం గోల్కొండ కొండ ఎక్కి దిగి రావాలా?

నిఘంటువు_పురుగు
మీరన్న జిల్లాల లెక్క బలమైనదే, దాన్ని కొట్టిపారేయను. అయితే బెంగాలీ బాల్తిని మరిచిపోకండి. హుగ్లీలో పోర్చుగీసుల స్థావరం ఉండేది, 1632లో షాజహాన్ సైన్యం వాళ్ళని అక్కడి నుంచి వెళ్ళగొట్టింది. వంగదేశం నుంచి మన కోస్తాకి ఓడల రాకపోకలు ఎప్పుడూ ఉన్నవే. ఆ దారిన వచ్చి ఉంటే తీరం లెక్కా సరిపోతుంది, 'త' లెక్కా సరిపోతుంది. 'ట' కన్నా దంత్యమైన 'త' నుంచి 'చ' కావడం నోటికి సులువు కూడా. హైదరాబాదు దారి కన్నా ఇదే నయమని ఇప్పుడు నాకూ అనిపిస్తోంది. రజని గారూ, ఈ దారి మాత్రం ఊహ. మూలం పోర్చుగీసు అన్నది మాత్రం ఊహ కాదు, అచ్చులో వేసుకోవచ్చు.

కాకినాడ_మూర్తి
ఇంకో విషయం. మనం బాల్చీ అనగానే కళ్ళముందుకు వచ్చేది ఆ తగరం రంగు రేకు బాల్చీ. ఇనప రేకుకి జింకు పూత పూసే పద్ధతికి ఫ్రాన్స్‌లో సోరెల్ అనే ఆయన పేటెంటు తీసుకున్నది 1837లో. నేను ముందు చెప్పిన ఆ మెరుపు పూలు జింకు చల్లారి గడ్డకట్టేటప్పుడు ఏర్పడేవి. కాబట్టి పోర్చుగీసు నావికుల బాల్దె ఇది కానే కాదు. అది చెక్కదో తోలుదో అయి ఉండాలి. మాట పాతది, వస్తువు తర్వాత వచ్చింది. పాత పేరుని కొత్త పాత్రకి తగిలించారు. ఇప్పుడు ప్లాస్టిక్‌దానికీ అదే పేరు పెడుతున్నాం, పెట్టాలి కూడా.

అమలాపురం_సుందరమ్మ
పిల్లలూ, మీ చర్చ మొత్తం చదివాను. నా వయసు వాళ్ళకి బాల్చీ అంటే స్నానాల గది కన్నా ముందు గుర్తొచ్చేది పెళ్ళి వడ్డన. పందిట్లో బంతులు వేసి కూర్చోబెడితే పప్పూ పులుసూ పెద్ద గంగాళాల్లో ఉండేవి. వాటిలోంచి బాల్చీల్లోకి తోడుకుని, ఎడం చేత్తో కమ్మి పట్టుకుని, కుడిచేత గరిటెతో వరసన వడ్డించుకుంటూ పోయేవారు. ఆ బాల్చీలు ఇత్తడివి, లోపల కళాయి పూసినవి. కళాయి లేని ఇత్తడిలో పులుసు పోస్తే చిలుమెక్కి పాడైపోతుంది, కడుపులో తిప్పుతుంది. పెళ్ళికి వారం ముందే కళాయివాడు వచ్చి దొడ్లో కొలిమి పెట్టుకునేవాడు. చారుకి, మజ్జిగకి కొమ్ము ఉన్న గోకర్ణం. నేతికి జారీ. ఎవరి చేతిలో ఏది ఉందో చూస్తే ఏ పదార్థం వస్తోందో తెలిసిపోయేది.

మూర్తీ, చేద సంగతి నువ్వు చక్కగా చెప్పావు. తాడు తెగి చేద బావిలో పడితే ఏం చేసేవాళ్ళమో చెప్పలేదు. పాతాళగరిగె వేసేవాళ్ళం. అన్ని వైపులా కొక్కేలున్న ఇనప గుత్తి అది. ప్రతి ఇంట్లో ఉండదు, ఊళ్ళో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది, అడిగి తెచ్చుకోవాలి. తాడుకి కట్టి అడుగుదాకా వదిలి, మెల్లగా గుండ్రంగా తిప్పుతూ ఉంటే ఎక్కడో తగులుతుంది. మనది ఒక్కటే కాదు, ఎప్పుడో ఎవరిదో పడిపోయిన చెంబు కూడా వచ్చేది.

పాలమూరు_మల్లేశ్
అమ్మా, పాతాళగరిగె పేరు విని ఎన్నేళ్ళయింది! చేద గురించి నేనూ ఒక మాట. చేదడం అంటే తోడటం. చేదే పాత్ర చేద. చేదే తాడు చేంతాడు. మధ్యలో ఆ సున్న ఎందుకు వచ్చిందని మా తెలుగు సారుని అడిగితే "పాత రాతలో చేఁదు అని అరసున్న ఉంది, అది తాడు పక్కన నిండుసున్న అయి బయటపడింది" అన్నారు.

చెన్నపట్నం_గోపి
మీ సారు చెప్పింది సరే మల్లేశన్నా. తమిళంలో ఇప్పటికీ బావిలో నీళ్ళు తోడటాన్ని 'సేందు' అంటారు, అక్కడ నిండుగానే పలుకుతుంది. కాబట్టి చేద మాత్రం మన ద్రావిడ కుటుంబపు పాత ఆస్తి. బకెట్‌ని తమిళంలో వాళి అంటారు. బాల్చీ గురించి తమిళుల్ని అడిగితే తెల్లమొహం వేస్తారు.

సీకాకుళం_చిన్నోడు
మరి "బాల్చీ తన్నేశాడు" అంటాం కదా, చచ్చిపోయాడు అనడానికి? అది కూడా పోర్చుగీసేనా?

నిఘంటువు_పురుగు
కాదు, అది ఇంగ్లీషు నుంచి దిగింది. వాళ్ళు చావుని వెటకారంగా "బకెట్ తన్నాడు" అంటారు. 1785లో గ్రోస్ అనే ఆయన వేసిన బజారు మాటల నిఘంటువులోనే అది ఉంది. మనవాళ్ళు బకెట్ తీసేసి బాల్చీ పెట్టారు. ఇంగ్లీషు నుడికారం పోర్చుగీసు మాట వేసుకుని తెలుగులోకి వచ్చిందన్నమాట. పైగా ఇంగ్లీషులో కూడా అది నీళ్ళ బకెట్ కాదని ఒక వివరణ ఉంది. కోసిన పందుల్ని కాళ్ళకి కట్టి వేలాడదీసే దూలాన్ని కొన్ని ఊళ్ళలో బకెట్ అనేవారట, గిలగిల కొట్టుకునే కాళ్ళు ఆ దూలానికి తగిలేవి.

మనకి ఈ పనికి సొంత మాటలు చాలా ఉన్నాయి. టపా కట్టేశాడు, హరీ అన్నాడు, గుటుక్కుమన్నాడు. బాల్చీకి మాత్రం చావుతో మన దగ్గర ఏ సంబంధమూ లేదు. నీళ్ళు మోసే పాత్రకి ఆ మచ్చ అంటగట్టడం నాకు నచ్చదు.

బర్మింగ్‌హామ్_వేణు
మా ఊరి పేరు ఎత్తకుండా ఈ చర్చ ముగియకూడదు. ఇక్కడ "బాల్టీ" అనేది ఒక వంటకం పేరు. 1970ల్లో పాకిస్తాన్, కాశ్మీర్ నుంచి వచ్చిన వంటవాళ్ళు పల్చటి ఉక్కు మూకుడులో ఎక్కువ మంట మీద గబగబా వండి అదే మూకుడుతో బల్ల మీదకి తెచ్చేవారు. అలాంటి హోటళ్ళున్న పేటని బాల్టీ ట్రయాంగిల్ అంటారు. పేరు బాల్టీ అనే పాత్ర నుంచి వచ్చిందని కొందరు, బాల్టిస్తాన్ ప్రాంతం నుంచి అని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. పాత్రే అయితే గనక, లిస్బన్‌లో బయలుదేరిన మాట మన దేశం చుట్టి మళ్ళీ యూరప్‌లో తిండి బల్ల మీదకి చేరినట్టు.

భాషాభిమాని_ఒంగోలు
మూలం తేలింది, సంతోషం. ఇక అసలు ప్రశ్న. పరాయి మాట అని తేలాక పిల్లల కథలో బొక్కెన అనే రాయడం మేలు కాదా? చేద ఉంది, బొక్కెన ఉంది. ఉన్న సొమ్ము వదులుకుని అరువు సొమ్ము పెట్టుకోవడం ఎందుకు?

నిఘంటువు_పురుగు
మీ తపన నాకు అర్థమవుతుంది. కానీ ఆ లెక్కన మొదలుపెడితే ఎక్కడ ఆగుతారు? చొక్కాకి బొత్తాం పోర్చుగీసు, ఆ బొత్తాం దూరే కాజా పోర్చుగీసు. ఒళ్ళు తుడుచుకునే తువ్వాలు, బట్టలు పెట్టే అలమర, తారు నింపే పీపా, గోడ కట్టే మేస్త్రీ, పొలం అమ్మే వేలం, పెరట్లో బొప్పాయి, పళ్ళెంలో అనాస – అన్నీ ఆ ఓడల్లో వచ్చినవే. కూజా పారశీకం, సందుగ అరబ్బీ. ఇవన్నీ తీసేస్తే తెలుగువాడి ఇల్లు సగం ఖాళీ.

నా దృష్టిలో ఒక మాట మనదా కాదా అనడానికి పుట్టిన ఊరు కొలత కాదు. మన నోట్లో అది మారిందా, మన ఇంట్లో దానికి ఒక పని దొరికిందా అన్నది చూడాలి. బాల్దె 'చీ' తగిలించుకుని మన నోటికి తగ్గట్టు మారింది. బొక్కెన, చేద చెయ్యని పని దానికి దొరికింది. అవి బావిలో దిగేవి, ఇది నేల మీద నిలబడేది. దాన్ని తీసేసి బొక్కెన పెడితే బొక్కెనకే అన్యాయం, దాని అర్థం పలచబడుతుంది. బాల్చీ బదులు బకెట్ పెడితే మరీ దారుణం. మూడువందల ఏళ్ళకి పైగా ఈ దేశంలో నలిగిన మాటని తీసి నిన్నటి మాట పెట్టడం అది.

తెనాలి_రజని
అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంత వస్తుందని అనుకోలేదు. గుమ్మం పక్కన పెట్టింది బాల్చీయే, అది అలాగే ఉంచుతున్నాను. అదే కథలో రెండో పేజీలో అమ్మమ్మ బావి దగ్గర నీళ్ళు తోడుతుంది. అక్కడ నేను ఊరికే "నీళ్ళు తోడింది" అని వదిలేశాను. ఇప్పుడు అక్కడ చేద, చేంతాడు, గిలక పెడుతున్నాను. బొమ్మ వేసేవాళ్ళకి మూర్తి గారి వర్ణన పంపాను, చేద అడుగు గుండ్రంగా, బాల్చీ అడుగు చదునుగా వెయ్యమని.

నిఘంటువు గారూ, పోర్చుగీసు జాబితాలో తాళంచెవి వదిలేశారు. చెవి అన్నది వాళ్ళ 'చావె' నుంచి వచ్చిందని ఎక్కడో చదివాను. హిందీలో చాబీ, తమిళంలో సావి ఉన్నాయిగా?

నిఘంటువు_పురుగు
కావాలనే వదిలేశానమ్మా. చాబీ, సావి పోర్చుగీసువే, అందులో పేచీ లేదు. మన చెవి విషయంలో నాకు అంత ధీమా లేదు. కన్నడంలో తాళంచెవిని 'బీగద కై' అంటారు, అంటే బీగం చెయ్యి. వాళ్ళు చెయ్యి అన్నప్పుడు మనం చెవి అనుకోవడానికి పోర్చుగీసువాడే రావాలా?

పాలమూరు_మల్లేశ్
మా దిక్కు తాళం చెయ్యి అనే అంటాం! నాలుగైదు ఉంటే తాళం చేతులు. చెవి అనేది నేను బడికి పోయాకనే విన్నాను.

బందరు_లడ్డు
చూశారా నిఘంటువు గారూ, లోపల చెయ్యి, తీరంలో చెవి. మళ్ళీ తీరం లెక్కే వస్తోంది. తాళం, బీగం, గొళ్ళెం, గడియ అన్నీ కలిపి వేరే చర్చ తెరుస్తున్నాను. ఎవరి జిల్లాలో ఏమంటారో అందరూ అక్కడ రాయండి. సుందరమ్మ గారూ, మీ ఇంట్లో భోషాణానికి ఎలాంటి తాళం ఉండేదో ముందు మీరు మొదలుపెట్టాలి.